వాసన లేదు, దిగండి

జూన్ 9, సోమవారం

ప్రార్థనలో కూర్చుంటే మాటలు తప్పిపోతున్నాయి. ఒక వాక్యం మొదలుపెట్టి ఇంకో దాంట్లో తేలుతున్నాను. కాగితం మీద పెడితే నిలుస్తాయేమోనని రాస్తున్నాను. ఎవరూ చదవడానికి కాదు.

మొన్న శనివారం పొద్దున్న సంగతి ముందు రాయాలి. మామూలు పొద్దు. ఇక అలాంటిది రాదని తెలిసుంటే ఇంకాస్త జాగ్రత్తగా చూసేదాన్ని.

నేను ప్రార్థన ముగించి లేచేసరికి మరదలు పొయ్యి వెలిగించింది. రాత్రి వాన పడి కిటికీ చట్రం గాడిలో నీళ్ళు నిలిచాయి. మేనకోడలు దువ్వెన పళ్ళ మధ్య పెట్టుకుని, అద్దం ముందు జడ అల్లుకుంటూ, రిబ్బను ఏదని గొణుగుతోంది. దువ్వెన నోట్లో ఉంది కాబట్టి ఎవరికీ అర్థం కాలేదు. తమ్ముడు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని టీ కోసం నిలబడ్డాడు. మరదలు ప్యాకెట్ చింపి గిన్నెలో పాలు పోసి, ఎప్పటిలాగే వాడి ముక్కు కిందికి పట్టింది. మా ఇంట్లో పాలు, నూనె, నిన్నటి కూర, ఏదైనా సరే వాడి ముక్కు దాటాకే పొయ్యెక్కుతుంది. ఫ్యాక్టరీలో వాణ్ణి ముక్కు మేస్త్రీ అంటారు. ఇంట్లోనూ అదే ఖాయమైంది.

వాడు కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చి, "దివ్యంగా ఉన్నాయి, కానివ్వు" అన్నాడు.

పొయ్యి మీద పెట్టగానే పాలు విరిగాయి.

"ఏమండీ మేస్త్రీగారూ, ముక్కుకు ఇవాళ సెలవా?" అంది మరదలు.

"తప్పు పాలదే. నా ఎదురుగా బుద్ధిగా ఉండి, నేనటు తిరగ్గానే వేషాలు వేశాయి."

అందరం నవ్వాం. మేనకోడలు నవ్వుతూనే వచ్చి వాడి కాలరు సరిచేయబోయి ఆగింది. కిటికీ వెలుగు వాడి మొహాన పడుతోంది.

"నాన్నా, పైకి చూడు. ఇటు కాదు, పైకి. అత్తా, నాన్న కళ్ళు చూడు."

చూశాను. పసుపు కలిపినట్టు ఉన్నాయి.

విరిగిన పాలు పారబోశాను. గిన్నె తోమి బోర్లించాను.

జూన్ 11

కామెర్లే అంటున్నారు. కామెర్లు తగ్గిపోతాయి.

జూన్ 14, శనివారం

ఆసుపత్రిలో ఉంచారు. రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. పక్క మంచం మీద లారీ నడిపి మానేసిన ముసలాయన ఉన్నాడు. మా వాడికి మనిషి దొరికితే చాలు.

చేతికి మందు ఎక్కిస్తున్నారు. ఆ గొట్టాన్ని వేలితో మీటి, "అక్కా, ఇదెవరో తెలుసా? మన ఇంటి ఆడపడుచు" అన్నాడు.

"నోరు మూసుకుని పడుకోరా."

"నిజమే. మా ఫ్యాక్టరీ పెద్ద కుండలో పుట్టింది." ముసలాయన వైపు తిరిగాడు. "మీ చెప్పులు, ఆ కరెంటు తీగ మీది తొడుగు, ఈ కిటికీ చట్రం, అదిగో ఆ రక్తం సంచీ, అన్నీ మావాళ్ళే. గ్యాసుగా వస్తుందండీ. ఒత్తిడి పెట్టి నీళ్ళలోకి వదిలి, పాలకు తోడు వేసినట్టు చిటికెడు మందు వేసి, వేడి చేస్తూ గిలకొడితే, షిఫ్టు మారేసరికి తెల్లటి పిండై దిగుతుంది. ఆ పిండి కరిగించి లాగితే గొట్టం, పరిస్తే పట్టా."

"అంటే నేను గ్యాసు మీద నడుస్తున్నానా ఇన్నాళ్ళూ?" ముసలాయన తన చెప్పులు వంగి చూసుకున్నాడు.

"ఆ పట్టాతో మా అక్క రెయిన్‌కోట్లు చేస్తుంది. కనడం నా వంతు, పెంచడం ఆవిడ వంతు."

"నిన్ను పెంచింది చాల్లే" అన్నాను.

అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు. చెల్లికి తొమ్మిది. అది మొండిది, దానంతట అది పెరిగింది. వీణ్ణి మాత్రం నేనే పెంచాను.

జూన్ 16

కళ్ళు కాస్త తెల్లబడ్డాయి.

జూన్ 19, గురువారం

పనికి వెళ్ళాను. రెయిన్‌కోటు అంచులకు సూదీ దారం పనికిరావు, కన్నాల్లోంచి నీళ్ళు దిగుతాయి. రెండు పొరలూ కలిపి ప్రెస్సు కింద పెట్టి పెడలు తొక్కాలి. చుయ్యిమని ఒకటైపోతాయి. ఈ వారం పసుపు తాను వచ్చింది. నీలం ఇవ్వమని అడిగాను. సూపర్‌వైజరు ఎందుకని అడగలేదు.

సాయంత్రం ఆసుపత్రికి బకెట్ వచ్చాడు. తమ్ముడి జట్టులోవాడు. అసలు పేరు వాళ్ళావిడకైనా తెలుసో లేదో. తమ్ముడూ జట్టూ ఆ పెద్ద కుండలోకి దిగి, గోడలకు పట్టిన అట్టు గీకుతుంటే, పైనుంచి తాడుతో బకెట్ లాగేవాడు. తర్వాత తనూ దిగేవాడు.

"మంచం ఎలా ఉంది మేస్త్రీ?"

"దిగి చూడు. వాసన లేదు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వెందుకో ముసలాయనకు బకెట్ చెప్పాడు. కుండ ఖాళీ అయ్యాక మేస్త్రీ ముందుగా మూతి దగ్గర తల లోపల పెట్టి పీల్చేవాడట. వాసన తగిలితే ఎవరూ దిగకూడదు. తగలకపోతే ఒకటే కేక: వాసన లేదు, దిగండి!

"గ్యాసు చూసే మీటరూ అదీ ఉండేది కాదా?" అన్నాడు ముసలాయన.

"కొన్నేళ్ళ తర్వాత పెట్టారు లెండి. ఎప్పుడూ రిపేరే. ఈయన ముక్కు మాత్రం ఒక్కనాడు రిపేరుకు వెళ్ళలేదు. ఒక్కడైనా కళ్ళు తిరిగి పడ్డాడా మేస్త్రీ?"

"ఒక్కడూ పడలేదు." వాడి మొహం వెలిగింది. చాలా రోజులకు.

ఆ వాసన ఎలా ఉంటుందని అడిగితే ఇద్దరూ ఒకేసారి "తియ్యగా" అన్నారు.

బకెట్ వెళ్తూ మెట్ల దగ్గర కుడి డొక్క పట్టుకుని ఆగాడు. ఏమిటంటే, "ఏం లేదక్కా, తిన్నది అరగలేదు" అన్నాడు.

జూన్ 23, సోమవారం

పెద్ద డాక్టరు వచ్చాడు. ఏం పని చేస్తావన్నాడు.

"కుండలు కడుగుతానండీ. ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో."

"బయటినుంచా?"

"బయటినుంచి ఊదితే పోయే అట్టు కాదండీ అది. దిగి ఉలితో గీకాలి. ఇప్పుడంటే నీళ్ళ జెట్టు వచ్చింది. పాతికేళ్ళ కిందట అంతా చేతిపనే."

డాక్టరు రాయడం ఆపాడు. ఏ గ్యాసు అన్నాడు. తమ్ముడు పేరు చెప్పాడు. లోపల గ్యాసు మిగల్లేదని ఎలా తెలిసేదన్నాడు.

"ముక్కుతోనండీ." తమ్ముడు ముక్కును వేలితో తట్టి చూపించాడు, పతకం చూపించినట్టు.

చెల్లి నా పక్కనే ఉంది. స్కూల్లో పిల్లలకు కెమిస్ట్రీ చెప్తుంది. లేచి బయటికి వెళ్ళిపోయింది.

జూన్ 26

కళ్ళు కాస్త తెల్లబడ్డాయి. మరదలు కూడా అవునంది. మేనకోడలు ఏమీ అనలేదు.

జూలై 2, బుధవారం

కామెర్లు కాదు. అంటే, అవీ ఉన్నాయి. కాలేయంలో రక్తనాళాలకు పట్టే కంతి. అరుదైనదట. రెండు వైపులా అల్లుకుంది, కత్తి పెట్టడానికి చోటు లేదు. డాక్టరు వరండాలో చెప్పాడు. తమ్ముడికి మాత్రం కాలేయం వాచిందని చెప్పాం.

తర్వాత కింద క్యాంటీన్‌లో కూర్చున్నాం. మరదలు వాడి దగ్గర ఉండిపోయింది. ఇదంతా ఎలా వచ్చిందని మేనకోడలు అడిగింది. చెల్లి దాని రెండు చేతులూ తన రెండు చేతులతో పట్టుకుంది.

"మనిద్దరం రెండు కార్బన్‌లం అనుకో. రెండు చేతులా పట్టుకున్నాం. ద్విబంధం. ఇలాంటి జంటలున్న వాటిని ఆల్కీన్లంటారు. ఇప్పుడు ఎవరో వచ్చి ఒక పట్టు విడిపించారు." ఒక చెయ్యి వదిలేసింది. "నీకొక చెయ్యి ఖాళీ, నాకొక చెయ్యి ఖాళీ. ఊరుకుంటామా? పక్క జంటను పట్టుకుంటాం. వాళ్ళు ఆ పక్కవాళ్ళను. అలా వేలమంది ఒకే దండ. ఏదీ ఊడి బయటికి పోదు, అన్నీ కలిసిపోవడమే. పాలిమర్ అంటే అంతే."

"నాన్న పని ఇదా?"

"అదే. ఇథిలీన్‌తో చేస్తే కూరల సంచీ. ప్రొపిలీన్‌తో అయితే నువ్వు కూర్చున్న కుర్చీ. స్టైరీన్ అయితే ఆ ఐసు డబ్బా. మీ నాన్నది వినైల్ క్లోరైడ్. దానికో క్లోరిన్ తగిలించి ఉంటుంది, అంతే తేడా."

"అన్నీ కలిసిపోతే మరి వీడికేమొచ్చింది?" అన్నాను.

"అన్నీ కలవవక్కా. కొంత మిగులుతుంది, చెయ్యి దొరకనిది. కలిసింది గొట్టమై తన మానాన తను పడుంటుంది. మిగిలిందే మనిషిని తింటుంది."

"వాసన లేకపోతేనే కదే దిగింది?"

చెల్లి టీ కప్పు పక్కకు జరిపింది. టీ మీద మీగడ కట్టింది.

"వాసన తగిలే మోతాదు చాలా పెద్దదక్కా. అందులో వెయ్యో వంతైనా చాలు, ఏళ్ళ తరబడి పీలిస్తే. వాడు లేదన్నప్పుడల్లా ఉంది. ప్రతిసారీ ఉంది."

మేనకోడలు తన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

జూలై 3

దేవుడా. ఇవాళ ఇంతే.

జూలై 6, ఆదివారం

ఇంట్లో గొడవ. గొంతులు పెరగలేదు, అయినా గొడవే.

వాడితో దిగినవాళ్ళందరికీ పరీక్ష చెయ్యాలంటున్నాడు డాక్టరు. ముందే పట్టుకుంటే కొందరికి కోసి తియ్యొచ్చట. ఫ్యాక్టరీలో అడిగితే, కాంట్రాక్టు మనుషుల పేర్లు మా దగ్గర ఉండవన్నారు. గేటు దగ్గర తలలు చూసి లోపలికి పంపేవాళ్ళు. బకెట్ తర్వాత వచ్చినవాడు, వాడికి ఇద్దరే తెలుసు. మిగతావాళ్ళు ఎవరో, ఎటు పోయారో తెలిసింది తమ్ముడికొక్కడికే.

"రేపే అడుగుదాం" అంది చెల్లి.

"అడిగితే ఎందుకంటారు. ఏం చెప్తారు?" అంది మరదలు. "మీరు దింపినవాళ్ళంతా మీలాగే అవుతారని చెప్తారా? ఆ ముక్కు ఒక్కటే ఆయన సంపాదించుకుంది. పోయే మనిషి దగ్గర అదీ లాక్కుంటారా?"

"అవతల మనుషులున్నారు" అంది చెల్లి. "వాళ్ళకూ పెళ్ళాలున్నారు."

"నాకు తెలుసు. తెలిసే అంటున్నాను. పాపం నాదే అనుకోండి."

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఈ ఇంట్లో ఎప్పుడూ అంతే, చివరికి నా వైపు తిరుగుతారు.

"అబద్ధం చెప్పి అడగొచ్చుగా అత్తా, ఊరికే పాత కబుర్లలా" అంది మేనకోడలు.

"పిల్లదానికున్న తెలివి మనకు లేదు" అంది చెల్లి.

"ఆయన పసిగడతారు" అంది మరదలు. "ఆయన దగ్గర ఏదైనా దాగిందా?"

ప్రార్థన చేసి చెప్తానన్నాను. వచ్చే ఆదివారం దాకా ఆగమన్నాను.

జూలై 9

జవాబు రాలేదు. తొందరపడకూడదు.

జూలై 13, ఆదివారం

ఇంకా తేటపడలేదు. ఇంకో వారం అడిగాను.

చెల్లి చెప్పులు వేసుకుంటూ, నా మొహం చూడకుండా అంది: "నీ ప్రార్థన అయ్యేదాకా వాడి కాలేయం ఆగదక్కా."

దానికి ఓపిక తక్కువ. చిన్నప్పటినుంచీ అంతే.

జూలై 14

కళ్ళు కాస్త తెల్లబడ్డాయి.

జూలై 17, గురువారం

బకెట్‌కు పరీక్ష చేశారు. వాడికీ ఉంది. కానీ చిన్నది, ఒక పక్కనే ఉంది. వచ్చే నెల కోస్తారు.

వాడే వచ్చి చెప్పాడు. నేను పనిచేసే రెయిన్‌కోట్ల షాపు బయట, చెట్టు కింద నిలబడి. "మేస్త్రీకి చెప్పొద్దక్కా. నన్ను జట్టులో చేర్చుకున్నది ఆయనే. నా కాళ్ళు వణికితే 'నేనున్నా రారా' అని చెయ్యి అందించి దింపేవాడు." ఏడవలేదు. నాకు జామపండ్లు తెచ్చాడు. రోగి వాడు, పండ్లు నాకు.

ముందు పట్టుకుంటే కోస్తారు. అది నిజమేనన్నమాట.

జూలై 18

తమ్ముడు పగలంతా నిద్రపోతున్నాడు. విశ్రాంతి మంచిదే.

జూలై 20, ఆదివారం

వాడి దగ్గర కూర్చున్నాను. బాగా మాట్లాడాడు. ముసలాయనకు భోజనం మూత తియ్యకముందే అందులో ఏముందో చెప్పాడు, తప్పు చెప్పాడు. ముసలాయన పాపం "అక్షరాలా అదే" అన్నాడు.

అడగడానికి అది మంచి సమయమే. అడగలేదు. నవ్వుతున్నాడు కదా అని.

చెల్లి ఫోను చేసింది. ఇంకా తేటపడలేదన్నాను.

జూలై 22

కప్పు పట్టుకుంటే చెయ్యి రెక్కలా కొట్టుకుంటోంది. విషాలు తలకెక్కుతున్నాయని నర్సు చెప్పింది. మందు ఇస్తున్నారు. తగ్గుతుందంది. తగ్గుతుందని అన్నదో, తగ్గొచ్చని అన్నదో.

జూలై 24, గురువారం

తెల్లవారుజామున ప్రార్థనలో తేటపడింది. అడగాలి. మేనకోడలు చెప్పినట్టే, పాత కబుర్లలా. రేపు పొద్దున్నే వెళ్తాను. మరదలికి చెప్పాను. పొయ్యి వైపు తిరిగి నిలబడి తలూపింది.

మనసు తేలికైంది. దేవుడు తన సమయానికే చెప్తాడు.

జూలై 25, శుక్రవారం

వెళ్ళాను. మొహం తుడిచాను, దువ్వాను. "ఒరే, మొదట్లో నీతో కుండలోకి ఎవరెవరు దిగేవాళ్ళురా? ఊరికే అడుగుతున్నా" అన్నాను.

సంతోషపడ్డాడు. వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "నిచ్చెన ఉన్నాడుగా. పొడుగ్గా ఉంటాడు. నిచ్చెన. తర్వాత..."

ఆగాడు.

"తర్వాత నిచ్చెన."

"ఇంకా?"

"పాలు విరిగాయా అమ్మా?"

అక్కను రా అన్నాను. అవునన్నట్టు తలూపి, మళ్ళీ వేలు మడిచి, "నిచ్చెన" అన్నాడు.

మధ్యాహ్నం మళ్ళీ అడిగాను. సాయంత్రం మళ్ళీ అడిగాను. చెల్లి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

జూలై 27

నిచ్చెన.

జూలై 29, మంగళవారం

ఇవాళ మంచం అంచు పట్టుకుని తల కిందికి వేలాడేశాడు. పడిపోతున్నాడేమోనని పరుగెత్తాం. పడటం కాదు. నేలకేసి గట్టిగా పీల్చాడు. తల ఎత్తి, వార్డంతా ఉలిక్కిపడేలా కేకేశాడు: "వాసన లేదు, దిగండి!"

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.

ఎవరూ పలకలేదు. వాడు చూశాడు. మరదలిని చూశాడు, నన్ను చూశాడు. మళ్ళీ కేకేశాడు. దిగేవాళ్ళు దిగకపోతే మేస్త్రీ ఆగడు కదా. కంగారుపడ్డాడు, గొట్టం లాగేసుకున్నాడు, చొక్కా అంతా రక్తమైంది. నర్సులు చేతులు కట్టేశారు. కట్టిన పట్టీలు కూడా ఆ ప్లాస్టిక్‌వే, మెత్తగా, తెల్లగా.

ఆగస్టు 1

షాపులో నీలం తాను అయిపోయింది. పసుపే చేశాను. సాయంత్రానికి పెద్ద కుప్ప అయింది. అతుకు ఎక్కడా విడదు. లాగి చూశాను.

ఆగస్టు 2

కళ్ళ గురించి రాయను.

ఆగస్టు 3, ఆదివారం

ఆసుపత్రిలో ఇక చేసేదేమీ లేదన్నారు. సాయంత్రం వంటింట్లో అందరం కూర్చున్నాం. బకెట్ కూడా వచ్చాడు, కింద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఈసారి ఎవరూ నా వైపు తిరగలేదు. మాటలు వాళ్ళే మొదలుపెట్టారు.

రేపు వాణ్ణి ఇంటికి తీసుకొచ్చేస్తాం. మంచం కిటికీ పక్కన వేస్తాం. గొట్టం వద్దు. చేతులు కట్టొద్దు. ఇది మరదలు చెప్పింది, అందరం సరేనన్నాం.

బకెట్‌కు తెలిసిన ఇద్దరికీ వాడే వెళ్ళి చెప్తాడు. నిచ్చెన కోసం చెల్లి సెలవు పెట్టి ఫ్యాక్టరీ చుట్టుపక్కల వీధుల్లో అడుగుతుంది. "పొడుగ్గా ఉంటాడు" అని అడగాలి, అంతకు మించి మన దగ్గర ఏమీ లేదు. మిగతావాళ్ళ సంగతి దేవుడికి అప్పగిద్దామన్నాను. చెల్లి అప్పుడు చూసింది నా వైపు. చాలాసేపు చూసింది. ఆ మాట మళ్ళీ అనలేదు నేను.

తర్వాత, వాడు కేకేస్తే ఏం చెయ్యాలని మేనకోడలు అడిగింది. బకెట్ గొంతు సవరించుకుని, "మేం కిందికి దిగి ఒక మాట అనేవాళ్ళం. అది వినపడేదాకా ఆయన మూతి దగ్గరనుంచి కదిలేవాడు కాదు" అన్నాడు. ఆ మాట చెప్పాడు.

"అది అబద్ధం" అంది చెల్లి.

"అబద్ధమే చిన్నత్తా" అంది మేనకోడలు.

చెల్లి లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. సరేనంది.

వాడు కేకేసినప్పుడు ఎవరు దగ్గరుంటే వాళ్ళు పలకాలి. వంతులు వేసుకున్నాం. అందరూ ఒకే మాట అనాలి, తేడా వస్తే పసిగడతాడు. "దిగాం మేస్త్రీ, అంతా బాగానే ఉంది." బకెట్ రెండుసార్లు మా అందరిచేతా అనిపించాడు. మొదటి వంతు నాది.